ఆశ్రిత అలికిన గోడ

గౌలిపురలోని అత్తగారింట్లో తనూజకు నచ్చనిదంటూ ఏదీ దొరకలేదు. పొద్దున్నే పాల క్యాన్లు ఒకదానికొకటి తగిలి మోగితే నచ్చింది. కొట్టంలో బర్రెలు గడ్డి నములుతూ పెళ్లిచూపులకు వచ్చిన పెద్దల్లా తనను ఎగాదిగా చూస్తే నచ్చింది. మొగుడు అంజన్ చాయ్‌ను సాసర్‌లో పోసుకుని ఉఫ్ ఉఫ్‌మని ఊదుతుంటే, ఆ మూతి చూసి ఆమెకు రోజూ కొత్తగా నవ్వొచ్చేది. సైదాబాద్‌లో అపార్ట్‌మెంటులో పుట్టి పెరిగిన పిల్ల. తలుపు తీసి ఒక్క అడుగు వేస్తే నెత్తి మీద ఆకాశం ఉండే వాకిలి దొరకడమే ఆమెకు పెద్ద భాగ్యంలా తోచింది.

ఇంటి ముందరి భాగానికి ఎప్పుడో స్లాబు పడింది. వెనకాల, బర్రెల కొట్టానికి ఆనుకుని, ఒక్క గది మాత్రం పాతది మిగిలింది. టేకు కంభాలు నిలబెట్టి, వాటి మధ్య సన్న కట్టెలతో తడిక అల్లి, రెండు వైపులా మట్టి మెత్తి కట్టిన గది. ముందరి గదుల్లో ఫ్యాన్లు వేడిగాలి కొడుతుంటే, ఇక్కడ మాత్రం మంచినీళ్ల కుండ పక్కన కూర్చున్నట్టుండేది. కొత్త జంటకు ఆ గదే ఇచ్చారు. మూడు గోడలు ఎర్రమట్టివి, అరచేతులతో అలికినవి. వాటి మీద వేళ్లతో రాస్తే పిల్లి వీపు నిమిరినట్టు ఉండేది. కొట్టం వైపున్న నాలుగో గోడకు మాత్రం లోపలా బయటా సిమెంటు పూశారు. దాని మీద చెయ్యి వేస్తే, ఆ ఎండాకాలంలో కూడా, జ్వరం దిగుతున్న మనిషి నుదురులా చల్లగా, తడిగా తగిలేది.

వచ్చిన కొత్తలోనే ఆ గోడకు పెళ్లి ఫొటో తగిలిద్దామని మేకు పట్టుకుని స్టూలెక్కింది తనూజ. అంజన్ పరుగున వచ్చి చెయ్యి పట్టుకున్నాడు.

"దానికి మేకు గొట్టకు తనూ."

"ఎందుకు, కూలుతదా ఏంది? గంత నాజూకుదా మీ గోడ?"

అంజన్ నవ్వలేదు. "దాని కింద అక్క చెయ్యి ఉంది" అన్నాడు.

ఆమెను స్టూలు మీదే కూర్చోబెట్టి అతను చెప్పాడు. ఏటా మిరుగు రాకముందు, అంటే తొలి వానలు పడకముందు, ఈ గది గోడలను ఇంటి ఆడవాళ్లే చేతులతో అలుకుతారు. పోయినేడాది పూత మీద ఈ ఏటి పూత. నానమ్మ చెయ్యి మీద అమ్మ చెయ్యి, అమ్మ చెయ్యి మీద బిడ్డ చెయ్యి. ఆరేళ్ల కింద తల్లి చంద్రమ్మకు నడుం పట్టేస్తే, అక్క ఆశ్రిత కాలేజీ నుంచి వచ్చి ఆ గోడ ఒక్కతే అలికింది. ఎడమచేతి వాటం పిల్ల. వానలు మొదలవగానే జ్వరమన్నది. ఆస్పత్రికి నడిచి వెళ్లింది, నడిచి రాలేదు.

మరుసటి ఏడు మిరుగుకు మిగతా గోడలన్నీ అలికారు గానీ, ఆ గోడకు అడ్డంగా చంద్రమ్మ నిలబడింది. బిడ్డ చేతి మీద ఇంకెవరి చెయ్యీ పడకూడదని. అయితే మట్టి పూత ఏటా కొత్తది వేయకపోతే నిలవదు. పొడిపొడిగా రాలుతుంది. రోజూ పొద్దున ఊడ్చేటప్పుడు బిడ్డ చెయ్యి కొంచెం కొంచెంగా చేటలోకి రావడం చూసి చంద్రమ్మ తట్టుకోలేకపోయింది. ఎవరో మేస్త్రీని పిలిపించింది. కంభాలకు ఇనుప జాలీ బిగించి, పైనుంచి సిమెంటు కొట్టించింది. లోపల ఉన్నది ఉన్నట్టు పదిలంగా ఉంటుందని.

"అంటే పెట్టెల పెట్టి తాళమేసినట్టు" అంది తనూజ.

"గట్లనే అనుకో."

ఆమె స్టూలు దిగి, గోడకు అరచెయ్యి ఆనించింది. చూడని ఆడబిడ్డ మీద ఎక్కడలేని ప్రేమ వచ్చింది. "మంచిగున్నవా వదినా" అంది నవ్వుతూ. చెయ్యి తీస్తే అరచేతి నిండా తడి.

*

ఆ చప్పుడు మొదట విన్నది ఒక మధ్యాహ్నం. అన్నం తిని మంచం మీద వాలింది. టప్. తర్వాత సర్ర్‌మని ఏదో జారినట్టు. మళ్లీ టప్. మళ్లీ సర్ర్.

అత్తమ్మ పిడకలు కొడుతోందనుకుంది. ఆ చప్పుడు ఎంత బాగుందో! కళ్లు మూసుకుని, నేనూ నేర్చుకుంటాను, ఇన్‌స్టాలో పెట్టి కాలేజీ దోస్తులను ఏడిపిస్తాను అనుకుంటూ కాసేపు విన్నది. తర్వాత లేచి వెళ్లి చూస్తే వాకిట్లో ఎవరూ లేరు. ఛత్రినాకలోని తమ పాల దుకాణం నుంచి చంద్రమ్మ ఇంకా రానేలేదు. కొట్టంలో బర్రెలు మాత్రం ఉన్నాయి. అవి నమలడం ఆపేశాయి. అన్నీ తలలు ఒకే వైపు తిప్పి, ఆ గోడను చూస్తున్నాయి.

తనూజకు భయం వెయ్యలేదు. నిజం చెప్పాలంటే మొదట సరదా వేసింది. కొత్త పెళ్లికూతురికి ఏదైనా సరదాయే. చప్పుడు రోజూ వచ్చేది, మధ్యాహ్నం ఇల్లు సద్దుమణిగాక. ఆమె తల దువ్వుకుంటూ గోడతో కబుర్లు చెప్పేది. "వదినా, మీ తమ్మునికి గురక ఉన్నదని పెళ్లికి ముందు ఎవ్వరూ చెప్పలేదు, ఇది మోసం కాదా?" అనేది. చప్పుడు ఒక్క క్షణం ఆగేది. ఆగి, మళ్లీ మొదలయ్యేది.

ఆ సరదా పోయింది తడి పైకి పాకుతున్నప్పుడు. నేల దగ్గర చారెడు మరకగా ఉన్నది మోకాలెత్తుకు వచ్చింది. ఆ తర్వాత నడుమెత్తుకు. ఒక్క చినుకు పడలేదు, గోడలో నల్లా పైపు లేదు. అయినా మరక పెరిగింది. భుజాల దగ్గర రెండు వైపులా వెడల్పయి, పైన సన్నబడింది. ఒక రోజు జడ వేసుకుంటూ అద్దంలో చూస్తే, తన వెనకాల తనంత ఎత్తు మనిషి నిలబడి ఉన్నట్టు కనిపించింది. దువ్వెన జారి కింద పడింది.

చప్పుడు సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. తడి సంగతి మాత్రం అంజన్‌కు చెప్పింది.

*

అంజన్ తన బడి దోస్తు డానియేలును పిలిచాడు. పాత ఇళ్లకు సున్నం పని, మట్టి పని చేయించే కాంట్రాక్టరు. వీధి మొదట్లోంచే బైకు హారన్‌తో తన రాక తెలియజేసే రకం.

"ఏం చెల్లె, మావోడు మంచిగ చూసుకుంటున్నడా? చూసుకోకుంటే చెప్పు, గిదే గోడల పెట్టి ప్లాస్టరింగ్ చేస్త" అంటూ లోపలికి వచ్చాడు. గోడను వేలి కణుపుతో కొట్టగానే అతని నవ్వు ఆగిపోయింది. డొల్ల మోత. కింద కంభం మొదట్లో స్క్రూడ్రైవర్ ఆనించి కొంచెం నొక్కాడు. టేకు కంభంలోకి అది ఉడికిన ఆలుగడ్డలో దిగినట్టు దిగింది.

"అరె భాయ్... గీ రూముల పండుకుంటున్నరా మీరు?"

తనూజ అప్పటికే ఫోన్లో చదివి చదివి సగం సంగతి పట్టేసింది. బీఎస్సీ కెమిస్ట్రీ చదివిన పిల్ల, ఊరికే ఉండలేదు. "కొట్టం కడిగిన నీళ్లు నేలల నుంచి గోడలకు ఎక్కుతున్నయి కదన్నా? మట్టి ఐతే తాగి మళ్ల గాలికి ఇడిచిపెడుతది. రెండు దిక్కుల సిమెంటు ఉన్నందుకు లోపలే ఆగింది."

"కరెక్ట్. నీళ్లు పోతందుకు తొవ్వ లేదు. మట్టి నాని, కట్టె మెత్తవడ్డది. సిమెంటు మొత్తం పీకాలె. పీకి, ఆరవెట్టి, కంభం కింది ముక్క మార్చి, మట్టో సున్నమో ఏదన్న గాలి ఆడేది పుయ్యాలె. వానలు పడితె ఈ గోడ నిలవదు అంజన్. మీ మీదికే వస్తది."

"ఇంకో కోటు వాటర్‌ప్రూఫ్ సిమెంటు కొడితే ఆగదా?" అని అంజన్ ఆశగా అడిగాడు. అతని ఆశ ఎందుకో అందరికీ తెలుసు.

"చెమటలు పడుతున్నోనికి ఇంకో దుప్పటి కప్పుతవా?"

గడపలో చంద్రమ్మ నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో. చేతిలో పాల గిన్నె. మాట మెల్లగానే వచ్చింది.

"పీకితె మట్టి దాంతోని వస్తదా, రాదా?"

డానియేలు తల దించుకున్నాడు. "జాలీకి పట్టుకోని ఉంటది పెద్దమ్మా. వస్తది."

"ఐతె ముట్టద్దు."

"అమ్మా, తనూ నేను గీడనే పంటున్నం..."

"ముందట రూములకు రాండ్రి. నేను పంట ఈడ. కూలితె నా మీద కూలుతది." అంతే అని వెళ్లిపోయింది. గిన్నెలో పాలు తొణికి నేల మీద బొట్లు బొట్లుగా పడ్డాయి.

మామ బాలనర్సింహ మంచం పట్టె మీద కూర్చుని బీడీ నలుపుతూ విన్నాడు. ఆయన ఇంట్లో మాట్లాడే మాటలన్నీ కలిపినా దుకాణంలో ఒక్క గిరాకీతో మాట్లాడినన్ని కావు. ఇప్పుడు మాత్రం ఒక దారి చూపాడు. "బయటి దిక్కు, కింద, సిమెంటు దానంతటదే రాలింది గద. ఆడ బిడ్డ చెయ్యి లేదు. ఏది నిలుస్తదో ఆడ పూసి చూడుండ్రి. పూసి చూసెటందుకు ఆమె ఏమనది."

*

అలా ఆ గోడ బయటి అడుగున నాలుగు పూతల పరీక్ష మొదలైంది. ఆ నాలుగు రోజులూ తనూజ భయం మర్చిపోయింది. పక్క గల్లీలో ఎవరిదో పాత ఇల్లు పడగొడుతుంటే, ఆ మట్టి గంపల్లో తెచ్చుకుంది. హార్లిక్స్ సీసాలో మట్టి, నీళ్లు పోసి, గట్టిగా ఊపి కిటికీలో పెట్టింది. ఇసుక అడుక్కు దిగి, దాని మీద మెత్తటి ఒండ్రు, అన్నిటికన్నా పైన మీగడలాంటి బంకమట్టి పొరలు పొరలుగా తేలితే, ఇంటిల్లిపాదినీ పిలిచి చూపించింది. "బంక ఎక్కువున్నది. ఇసుక కలపకుంటే పగులుతది" అని తీర్పు చెప్పింది. బాలనర్సింహ సీసాను వెలుగుకు పట్టి చూసి, "మన పాలల్ల గూడ గింత మీగడ లేదు" అన్నాడు. ఇల్లంతా నవ్వింది. చంద్రమ్మ కూడా, కొంచెం.

ఒక చోట అంజన్ పట్టుబట్టి సిమెంటే పూయించాడు. దాని పక్కన డానియేలు సున్నం, ఇసుక కలిపి ఎంతో గొప్పగా పూశాడు. ఇంకో చోట ఉత్త మట్టి. చివరి చోట మట్టి, ఇసుక, సన్నగా తరిగిన వరిగడ్డి, బర్రె పెండ కలిపి మురగబెట్టిన ముద్దను తనూజ తన చేతులతో అలికింది. గాజులు పైకి తోసుకుని, కుడి అరచేతిని బోర్లించి, మోచెయ్యి నుంచి సర్రున తిప్పింది. నెలవంక పడింది. దాని మీద ఇంకోటి. ఆ పెండ వాసన, ఆ చల్లదనం, వేళ్ల సందుల్లోంచి ఉబికే మట్టి... చిన్నప్పుడు ఎవరూ ఆడనివ్వని ఆట ఇప్పుడు దొరికినట్టయింది. అంజన్ ముక్కుకు ఒక చుక్క అంటించి పారిపోయింది.

ఎండకు అన్నీ ఆరాయి. సిమెంటు పలక మట్టిని వదిలేసి అంచులు లేచింది. సున్నం మీద తడి గోనెలు కప్పడం మర్చిపోయింది డానియేలే. అది గబగబా ఆరి వెంట్రుకల్లాంటి బీటలు తీసింది. "గట్ల చూడకు చెల్లె, ఇజ్జత్ పోతుంది" అన్నాడు. ఉత్త మట్టి ఎండిన చెరువులా పలకలు పలకలుగా పగిలింది. గడ్డి, పెండ కలిపింది ఒక్కటే ఎక్కడా బీట లేకుండా, గోడకు పుట్టిన చర్మంలా నిలిచింది.

తనూజ సంబరంగా దగ్గరికి వంగింది. వంగి, అలాగే ఆగిపోయింది.

కుడిచేత్తో అలికితే నెలవంకల వీపు కుడివైపుకు ఉండాలి. పక్కన ఉత్త మట్టి ముక్కలో అలాగే ఉంది. అదీ తను అలికిందే. ఇక్కడ మాత్రం ప్రతి నెలవంకా ఎడమవైపుకు తిరిగి ఉంది. ఒకదాని మీద ఒకటి, తడబాటు లేని చెయ్యి. తనది అంత తీరైన చెయ్యి కాదు.

వెనకాల ఇనుప బకెట్ కింద పడిన చప్పుడు. చంద్రమ్మ.

ఆమె గోడ దగ్గరకు వచ్చి మోకాళ్ల మీద కూలబడింది. ఆ గీతల మీద వేళ్లు పెట్టబోయి పెట్టలేదు. తల తిప్పి కోడలి వంక చూసింది. ఆ చూపు తనూజకు అంతవరకూ తెలియదు.

"గోడ పీకించెటందుకు గిట్ల చేసినవా?"

"అత్తమ్మా, నేను కుడిచేత్తోనే..."

"నా బిడ్డ చెయ్యిని నకల్ చేస్తవా నువ్వు? సదువుకున్న పిల్లవు. గింత అన్యాలమా?"

"ఒట్టు అత్తమ్మా. మీ కొడుకు ముందటనే అలికిన. అడుగుండ్రి."

చంద్రమ్మ అడగలేదు. మిగిలిన మట్టి ముద్ద తెచ్చి ముందు పడేసింది. "ఎడమచేత్తోని అలుకు. నేను చూస్త."

తనూజ ఏడుస్తూనే ఎడమచేత్తో మట్టి తీసుకుంది. మొదటి ముద్ద గోడకు అంటక జారిపడింది. రెండోది అంటింది గానీ గీత వంకరటింకరగా, కోడి కెలికినట్టు వచ్చింది. మూడోసారి మణికట్టు మడతబడింది. చంద్రమ్మ చూస్తూ ఉంది. కోపం కొంచెం కొంచెంగా ఆమె ముఖంలోంచి దిగిపోయింది. అది పోయిన చోట భయం మిగిలింది.

"నువ్వు గాదు" అంది చివరికి. కొంగుతో కోడలి చెయ్యి తుడిచింది, ఒక్కో వేలూ. "నువ్వు గాదు బిడ్డా."

*

ఆ మధ్యాహ్నం చంద్రమ్మ దుకాణానికి పోలేదు. గదిలోకి వచ్చి, తలుపు దగ్గరగా వేసి, మంచం మీద తనూజ పక్కన కూర్చుంది. వీధిలో పండ్ల బండివాడి కేక దూరమైంది. ఇల్లు సద్దుమణిగింది.

టప్. సర్ర్.

తనూజ అత్త ముఖం వంక చూసింది. చంద్రమ్మ కళ్లు మూసుకుని ఉంది.

"నీకు గూడ ఇనబడుతదా" అని అడిగింది, కళ్లు తెరవకుండానే.

"వచ్చిన కాంచి ఇంటున్న అత్తమ్మా."

"నేను సిమెంటు కొట్టించిన కాంచి, ఐదేండ్లసంది. మీ మామకు ఇనబడదు. అంజికి ఇనబడదు. చెప్తే పిచ్చి లేసిందంటరని నేను ఎవ్వలకు చెప్పలె." ఆమె గొంతులో చిత్రమైన గర్వం పలికింది. "దుకాణం కాంచి అలిసొచ్చి ఈడ కూసుంట. ఇంట. నా బిడ్డ ఇంట్లనే ఉన్నది, పని చేసుకుంటుంది అని మనసుకు నిమ్మళం. మీకు ఈ రూము ఇచ్చినంక అదీ లేదు. సిమెంటు పీకితే... ఇది గూడ పోతది."

అప్పటిదాకా తనూజ చప్పుడు మాత్రమే విన్నది. ఆ పూట మొదటిసారి, ఆ చప్పుడు చేస్తున్న మనిషి గురించి ఆలోచించింది. టప్. సర్ర్. ముద్ద వేయడం, తిప్పడం. ముద్ద వేయడం, తిప్పడం. ఎక్కడా ఆగి చెయ్యి కడుక్కున్న చప్పుడు లేదు. నడుం పట్టుకుని నిట్టూర్చిన చప్పుడు లేదు.

"అత్తమ్మా, అలికిన గోడ ఆరితేనే కదా పని ఐపోయినట్టు?"

"ఆఁ."

"ఇది ఆరనే ఆరతలేదు. లోపల ఇంకా పచ్చిగనే ఉన్నది." ఆమె గొంతు తగ్గింది. "వదిన ఐదేండ్లసంది ఒక్కటే గోడ అలుకుతాంది. ఐపోతలేదు ఆమెకు."

చంద్రమ్మ లేచి గోడకు చెవి ఆనించింది, చెంప తడిసేదాకా. గోడ అవతల చెయ్యి పడుతూనే ఉంది. టప్. సర్ర్. టప్.

"చేతులు నొస్తుండొచ్చు" అంది చంద్రమ్మ, ఎవరితోనో. ఆ తర్వాత తలుపు తీసి వాకిట్లోకి కేకేసింది. "అంజీ! డానీగానికి ఫోన్ చెయ్యి. రేపు రమ్మను."

*

మర్నాడు డానియేలు హారన్ కొట్టకుండా వచ్చాడు. కట్టరుతో జాలీ కట్లు ఒక్కొక్కటే తెంచాడు. చివరి కట్టు తెగకముందే సిమెంటు పలక తనంతట తాను ముందుకు ఒరిగింది. అంజన్, డానియేలు భుజాలు పెట్టి మెల్లగా దింపారు.

చంద్రమ్మ అందరికన్నా ముందు నిలబడి ఉంది. ఐదేళ్ల తర్వాత బిడ్డ చెయ్యి చూడబోతున్న తల్లి. పొద్దున తలస్నానం చేసి, మంచి చీర కట్టుకుంది.

పలక వెనక గోడ లేదు. నల్లటి బురద ఉంది. పట్టి ఉంచినది పోగానే అది చిన్నగా వణికి, తడిక మీది నుంచి మొత్తంగా కిందికి జారింది. లోపలి కట్టెలు పక్కటెముకల్లా బయటపడ్డాయి. చల్లటి గాలి ఒకటి గదిలోంచి వాకిట్లోకి పోయింది. కొట్టంలో బర్రెలన్నీ ఒక్కసారి అరిచాయి.

చంద్రమ్మ బురదలో చేతులు పెట్టి వెతికింది. పలక వెనకాల తడిమింది. ఒక్క గీత లేదు. ఒక్క నెలవంక లేదు. పదిలంగా ఉండాలని మూసిపెట్టినది ఎప్పుడు కరిగిపోయిందో ఏమో.

"ఏం లేదు" అంది. పిల్లలు పోగొట్టుకున్న వస్తువు గురించి చెప్పినట్టు చెప్పింది. "ఏం లేదు తనూ. ఇన్ని దినాలు ఏం లేనిదానికి కావలి గాసిన."

ఆ మధ్యాహ్నం తనూజ, చంద్రమ్మ ఆ తడిక ముందు కూర్చుని విన్నారు. ఏమీ వినపడలేదు. మరుసటి రోజూ లేదు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

డానియేలు మనుషులు కుళ్లిన కంభం మొదలు కోసేసి కొత్త టేకు ముక్క అతికారు. కొట్టం నీళ్లకు వేరే కాలువ తీశారు. తడిక ఆరింది. ఆకాశంలో మబ్బులు తిరగసాగాయి. నాలుగు రోజులైతే ఆషాఢం. కొత్త కోడలు అత్తగారింట్లో ఉండకూడని నెల కాబట్టి తనూజ సైదాబాద్ పోవాలి. ఈలోపే గోడ లేవాలి.

ఏ పూత అన్నదానికి ఇంక చర్చ లేదు. గడ్డి, పెండ, ఇసుక కలిపిన మట్టి. ఏ మట్టి అన్న దగ్గరే పని ఆగింది. జారిన బురదను చంద్రమ్మ చేటలతో ఎత్తి వాకిట్లో కుప్ప పోసి, పాత చీర కప్పింది. రోజూ దాని పక్కనే కూర్చుంది.

"మట్టికి ఏం కాదు పెద్దమ్మా" అన్నాడు డానియేలు. "సిమెంటు ఒక్కసారి గట్టివడితె ఐపాయె. మట్టి గట్ల గాదు. ఎన్నిసార్లు తడిపినా మళ్ల పనికొస్తది. ఇదే మట్టి ఏద్దాం. కాకుంటే గడ్డి కలిపి మంచిగ తొక్కాలె."

తొక్కాలె. పొరపాటున పుస్తకానికి కాలు తగిలితేనే కళ్లకద్దుకునే మనుషులు. ఆ కుప్పలో ఎక్కడో ఆశ్రిత చెయ్యి కలిసి ఉంది.

"కొత్త మట్టి తెద్దాం అమ్మా" అన్నాడు అంజన్. "దీన్ని..."

"దీన్ని ఏం చేస్తవ్? మోరీల పోస్తవా అక్కను?"

"బర్రెను కట్టి తొక్కిద్దాం. పాతకాలం గట్లనే చేస్తుండె" అన్నాడు బాలనర్సింహ.

"బర్రె కాళ్ల కింద ఏస్తవా నా బిడ్డను? నోరెట్ల వచ్చింది నీకు?"

డానియేలు గడ్డి మోపు మీద కూర్చుని తల గోక్కున్నాడు. మబ్బు ఇంటి మీదికి వచ్చి వాకిలి చీకటైంది. తనూజ కుప్ప ముందు నిలబడి, తాను తొక్కుతాను అనబోయింది. అనలేకపోయింది. చూడకపోయినా వదిన వదినే, పెద్దది. ఆ చీర కింద మట్టి ఎదురు చూస్తున్నట్టుంది.

చంద్రమ్మ లేచింది. చీర తొలగించి మడిచి పక్కన పెట్టింది. కుప్ప చుట్టూ ఒకసారి తిరిగి, అరుగు మీద కూర్చుని, కాళ్లు రెండూ చాపుకుని వాటి వంకే చూసుకుంది. మడమలు పగిలిన, నరాలు తేలిన కాళ్లు.

"పుట్టినప్పుడు గింతుండె" అంది, జానెడు చూపిస్తూ. "గీ కాళ్ల మీదనే పండవెట్టి, నూనె రాసి తానం పోసిన. కాళ్ల మీద బోర్ల పండితెనే ఏడుపు ఆపుతుండె. ఎత్తుకుంటె గాదు. కాళ్ల మీద ఏస్తెనే." ఆమె మోకాళ్లను నిమురుకుంది. "నా కాళ్లు దానికి తెలువని కాళ్లు గావు."

కుచ్చిళ్లు ఎత్తి దోపుకుంది. కుప్ప ముందు వంగి చిటికెడు మట్టి కళ్లకద్దుకుంది. తర్వాత కుడికాలు లోపల పెట్టింది. మట్టి ఆమె మడమను, చీలమండను మింగింది. ఆమె అలాగే నిలబడిపోయింది.

"ఏమైందమ్మా?" అన్నాడు అంజన్.

"ఎచ్చగున్నది" అంది చంద్రమ్మ.

తనూజ పట్టీలు విప్పి అరుగు మీద పెట్టింది. కుప్ప మీద గడ్డి చల్లి, చెంబుతో నీళ్లు పోసి, మట్టి కళ్లకద్దుకుని, అత్త పక్కన అడుగు పెట్టింది. నిజమే. ఐదేళ్లు చెమటతో చల్లబడి ఉన్న మట్టి, మబ్బు పట్టిన ఈ పూట, స్నానానికి కాచిన నీళ్లంత వెచ్చగా ఉంది. అది ఆమె వేళ్ల సందుల్లోంచి మెల్లగా పైకి వచ్చి, పాదాన్ని చుట్టి పట్టుకుంది. పట్టు బిగుతుగా ఉంది. భయపెట్టేంత బిగుతు కాదు. ఆమె అరవలేదు, కాలు లాక్కోలేదు. అత్త భుజం మాత్రం పట్టుకుంది.

ఇద్దరూ తొక్కసాగారు. ఒక కాలు, తర్వాత ఇంకో కాలు. గడ్డి మట్టిలోకి దిగుతోంది. చంద్రమ్మ తల వంచి, పాదాల వైపు చూస్తూ, పెదవులు కదిలీ కదలకుండా అంటోంది.

"మెల్లగ బిడ్డా, మెల్లగ. ఐపోతది."

ఆమె మాట్లాడుతున్నది తనతో కాదని తెలిసి, తనూజ తన అడుగులు ఇంకా మెల్లగా వేసింది.